టైమింగ్ ముందుకు జరిపితే బండి ఘాటు ఎక్కేస్తుందా?



మన డార్మిటరీ కిటికీలోంచి ఘాట్ రోడ్డు కనిపిస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆదివారం వచ్చిందంటే ఉతికిన బట్టలు ఆరేయడం కూడా మరిచిపోయి, అరకు పోయే బండ్లు లెక్కపెట్టడమే మన పని. ముందు శబ్దం విని, బండి మలుపు తిరిగేలోపు పేరు చెప్పినవాడే గొప్పవాడు. మొన్న ఒక ఆదివారం రాత్రి భోజనాలయ్యాక జరిగిన వాదన మీకు గుర్తుండే ఉంటుంది. "టూరు బండికి టైమింగ్ అడ్వాన్స్ చేయిస్తే ఘాటంతా మూడో గేర్లోనే ఎక్కేస్తాదిరా" అని ఒకడు, "అదంతా ఉత్తిదే, షాపువాళ్ళ మాట" అని ఇంకొకడు. లైట్లు ఆర్పే బెల్లు కొట్టినా ఆగలేదు. వార్డెన్ గారు తలుపు దగ్గర నిలబడి, "అంత తెలిస్తే గోడ పత్రికలో రాసి అతికించండి, ఇప్పుడు పడుకోండి" అన్నారు. అందుకే ఈ వ్యాసం.

ఆ రాత్రి నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో కూడా ఇందులోనే రాస్తాను.

ముందు టైమింగ్ అంటే ఏమిటో చూద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ గురించి సైన్సు మాస్టారు చెప్పింది గుర్తుంటే మంచిదే, లేకపోతే ఇంతమాత్రం గుర్తుపెట్టుకోండి. పిస్టన్ కిందికి దిగుతూ పెట్రోలు కలిసిన గాలిని పీలుస్తుంది. పైకి వస్తూ దాన్ని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే అది మండి పిస్టన్‌ని కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వస్తూ పొగని బయటికి నెడుతుంది. ఈ నాలుగింటిలో బండిని నడిపేది ఆ ఒక్క తోపే. మిగతా మూడూ ఖర్చు.

మరి నిప్పురవ్వ ఎప్పుడు వేయాలి? పిస్టన్ సరిగ్గా పైకి చేరినప్పుడు అని మీలో చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పు. మంట అంటుకోగానే అంతా ఒక్కసారి మండిపోదు. పోడు కాల్చేటప్పుడు మనం చూసినదే కదా, ఒక మూల అంటిస్తే మంట నడుచుకుంటూ రెండో మూలకి వెళ్ళాలి. సిలిండర్‌లో కూడా అంతే. ప్లగ్గు దగ్గర పుట్టిన మంట అవతలి గోడ వరకు నడవాలి. దానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది గాని, ఇంజిన్ దృష్టిలో అది చాలా ఎక్కువ కాలం.

ఎంత ఎక్కువో లెక్క వేద్దాం. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 50 చుట్లు, ఒక్కో చుట్టుకు 20 మిల్లీసెకన్లు. చుట్టుకు 360 డిగ్రీలు కాబట్టి ఒక్క మిల్లీసెకనులో క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోతుంది. రవ్వ పడిన దగ్గర నుంచి ఒత్తిడి బాగా పెరిగేవరకు సుమారు రెండున్నర మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే, ఈలోగా క్రాంకు 45 డిగ్రీలు తిరిగిపోయింది! పిస్టన్ పైకి వచ్చాక రవ్వ వేస్తే ఒత్తిడి పెరిగేసరికి పిస్టన్ దిగిపోతూ ఉంటుంది. పారిపోయేవాడి వీపు మీద చేయి వేసినట్టే.

అయితే ఒత్తిడి ఏ క్షణంలో పెరగాలి? దీనికి సైకిలు పెడల్ చూడండి. పెడల్ సరిగ్గా నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడు ఎంత బరువు వేసి తొక్కినా సైకిలు కదలదు. కొంచెం ముందుకు దాటాక తొక్కితే కదులుతుంది. పైకి రాకముందే తొక్కితే వెనక్కి తిరుగుతుంది. ఇంజిన్‌లో కూడా, పిస్టన్ పైస్థానం దాటాక క్రాంకు సుమారు 15 డిగ్రీలు తిరిగేసరికి ఒత్తిడి శిఖరానికి చేరితే తోపు బాగా పనికొస్తుందని ఇంజిన్లు పరీక్షించినవాళ్ళు కనిపెట్టారు. పై లెక్కలో 45 డిగ్రీలు కావాలి, 15 దాటాక శిఖరం రావాలి, కాబట్టి పైకి రావడానికి 30 డిగ్రీల ముందే రవ్వ వేయాలి. ఇలా ముందే వేయడాన్నే అడ్వాన్స్ అంటారు. ఆలస్యం చేస్తే రిటార్డ్.

ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంత ముందు అక్కరలేదు. అందుకే పాత బుల్లెట్ 350లో రెండు చిన్న బరువులు, స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ ఆ బరువులు బయటికి విచ్చుకుని రవ్వని దానంతట అదే ముందుకు జరుపుతాయి. మన జాతర్లో రంగులరాట్నం కుర్చీలు వేగం పెరిగితే బయటికి తేలుతాయి చూడండి, అదే సూత్రం.

బుల్లెట్ గురించే ఎందుకు రాస్తున్నానంటే నాకు చేతికి తెలిసిన బండి అదొక్కటే. 1955 నుంచి మద్రాసులో తయారైన బండి. పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్‌లో సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90 మిల్లీమీటర్లు. గుణించి చూడండి, 346 సీసీ వస్తుంది. శక్తి 18 హార్స్ పవర్. దాంట్లో టైమింగ్ మార్చాలంటే కంప్యూటరేమీ అక్కరలేదు, రెండు స్క్రూలు వదులు చేసి పాయింట్ల ప్లేటుని వేలితో తిప్పితే చాలు. అంత సులువు కాబట్టే నా కొంప ముంచింది.

ఎస్.కోటలో మా అక్కా బావా ఉంటారు. బావకి రోడ్డు పక్కన చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. 2025 వేసవి సెలవులకి నేను అక్కడికి వెళ్ళాను. పానాలు అందించడం, కార్బ్యురేటర్ కడగడం, టీ తేవడం నా పని. విశాఖ నుంచి అరకు వెళ్ళే బండ్లు అనంతగిరి ఘాటు ఎక్కే ముందు అక్కడ ఆగి చైను బిగించుకోవడం, గాలి కొట్టించుకోవడం మామూలే. ఒక రోజు మిట్టమధ్యాహ్నం పాత బుల్లెట్ మీద ఒకాయన, వెనక ఆయన తమ్ముడు వచ్చి దిగారు. రెండు పక్కలా సంచులు, వెనక ఇంకో పెద్ద మూట. "బండి లాగడం లేదు తమ్ముడూ, మా ఫ్రెండ్సందరూ టైమింగ్ అడ్వాన్స్ చేయించారు, నాకూ చెయ్యి" అన్నారు. బావ సామాన్లకి బజారుకి వెళ్ళాడు. "మా బావ వస్తాడండీ" అనొచ్చు కదా. అనలేదు. మెకానిక్ అనిపించుకోవాలని నాకు సరదా పుట్టింది.

మూత తీసి, స్క్రూలు వదులు చేసి, బావ ఏ వైపు తిప్పడం చూశానో ఆ వైపే ప్లేటుని తిప్పాను. ఎంత తిప్పాలో తెలీదు. కంటికి బాగుందనిపించినంత తిప్పేను. ఒక సంగతి అప్పుడు నాకు తెలీదు. ఆ కామ్ క్రాంకు తిరిగే వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. అంటే ప్లేటుని 1 డిగ్రీ తిప్పితే క్రాంకు దగ్గర 2 డిగ్రీలు మారుతుంది. గోరు మందం తిప్పానని నేననుకున్నది ఇంజిన్‌కి మూరెడు.

కిక్కు కొట్టాను. మొదటిసారి కిక్కు రాడ్డు వెనక్కి ఎగిరి నా పిక్క మీద తన్నింది. బ్యాక్ కిక్ అంటారు దాన్ని. పెడల్ పైకి రాకముందే తొక్కితే వెనక్కి తిరుగుతుందని పైన రాశాను చూశారా, అదే. ఇంజిన్ ఆ ఒక్క తన్నుతో నాకు చెప్పాల్సిందంతా చెప్పేసింది. నేను వినలేదు. రెండోసారికి స్టార్టయింది. చదును రోడ్డు మీద ఒక రౌండు తిప్పి వచ్చి ఆయన, "అబ్బ, ఎంత చురుగ్గా ఉంది!" అని నా చేతిలో యాభై రూపాయలు పెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు ఉదయం ఆ బుల్లెట్ సామాన్ల ఆటోలో తాళ్ళతో కట్టి తిరిగొచ్చింది.

ఘాటు మీద ఏం జరిగిందో ఆయన చెప్పిన మాటల్ని బట్టి, తర్వాత ఇంజిన్ విప్పి చూసినదాన్ని బట్టి రాస్తున్నాను. ఎత్తు మొదలవగానే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు టకటక శబ్దం వచ్చింది. టాపెట్లు వదులయ్యాయేమో అనుకుని ఆయన ఇంకా యాక్సిలరేటర్ తిప్పారు. అది టాపెట్లు కాదు, నాకింగ్.

నాకింగ్ అంటే ఏమిటో మళ్ళీ పోడు దగ్గరికే వెళ్ళి చెప్తాను. మంట ఈ మూల నుంచి నడుచుకుంటూ వస్తోంది. అవతలి మూలనున్న ఎండుటాకులు ఆ వేడికే, ఎవరూ అంటించకుండానే, ఒక్కసారి భగ్గుమన్నాయనుకోండి. సిలిండర్‌లో రవ్వ మరీ ముందే పడితే అదే జరుగుతుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తూ నొక్కుతోంది, ఈ పక్క మంట ఉబ్బుతూ నొక్కుతోంది. రెండింటి మధ్య చిక్కిన చివరి మిశ్రమం వేడెక్కి తనంతట తనే పేలుతుంది. ఆ దెబ్బ సుత్తితో కొట్టినట్టు సిలిండర్ గోడలకి, పిస్టన్ నెత్తికి తగులుతుంది. మనకి వినిపించే టకటక అదే. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. మామూలుగా పిస్టన్ పైన పల్చటి గాలిపొర ఒకటి దుప్పటిలా ఉండి మంట వేడిని ఆపుతుంది. నాకింగ్ అలలు ఆ దుప్పటిని లాగేస్తాయి. అప్పుడు వేడి నేరుగా అల్యూమినియం మీద పడుతుంది.

బావ హెడ్డు విప్పి పిస్టన్ బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. అంచు చెదలు తిన్న చెక్కలా గుంటలు గుంటలుగా ఉంది. రింగు దాని గాడిలోనే ఇరుక్కుపోయింది. బావ ఆయన ముందు నా పేరెత్తలేదు. "మా షెడ్డులో జరిగింది కాబట్టి నాదే బాధ్యత సార్" అని పిస్టన్, రింగులు, బోరు కూలీ అంతా తనే పెట్టుకున్నాడు. ఆ నెల షెడ్డు అద్దె ఆలస్యమైంది. అక్క ఏమీ అనలేదు గాని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. సాయంత్రం తన సొంత పాత బుల్లెట్ ముందు కూచోబెట్టి, "ఏట్రా బామ్మర్దీ, ఎంత తిప్పేవు?" అని అడిగాడు. తెలీదన్నాను. "అదే తప్పు. తిప్పడం కాదు, ఎంత తిప్పేవో తెలకపోడం" అన్నాడు. అప్పుడు కొలవడం నేర్పాడు. ఈ వ్యాసంలో అన్నిటికంటే పనికొచ్చే భాగం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. బొమ్మ పక్కనే ఉంది, చూసుకుంటూ చదవండి.

ముందు పాయింట్ల సందు చూడాలి. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫిల్లర్ గేజి రేకు పెట్టి చూస్తారు. సందు సరిచేయకుండా టైమింగ్ ముట్టుకోకూడదు, ఎందుకంటే సందు మారితే టైమింగ్ కూడా మారిపోతుంది. తర్వాత ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి సైకిలు పుల్ల లోపలికి పెట్టి, టాప్ గేర్లో వెనక చక్రం తిప్పుతూ పిస్టన్ పైస్థానం పట్టుకోవాలి. నొక్కే స్ట్రోక్‌లో పైస్థానం కావాలి సుమా, పొగ నెట్టే స్ట్రోక్‌లోది కాదు. అక్కడి నుంచి కొంచెం వెనక్కి వచ్చి, మళ్ళీ పైస్థానానికి 0.8 మిల్లీమీటర్ల దూరంలో ఆపాలి. పాయింట్లు సరిగ్గా అప్పుడే విడిపోవాలి. విడిపోయాయని ఎలా తెలుస్తుంది? సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, విడిపోయిన క్షణాన జారి వచ్చేస్తుంది. లేదంటే తాళం తిప్పి ఆమ్మీటర్ ముల్లు చూడాలి. పాయింట్లు కలిసి ఉంటే ముల్లు మైనస్ వైపు వాలి ఉంటుంది, విడిపోగానే సున్నాకి వస్తుంది. (సిగరెట్ కాగితం మాత్రమే వాడామని వార్డెన్ గారు గమనించ ప్రార్థన.)

ఇక్కడ మన త్రికోణమితికి పని పడింది. 0.8 మిల్లీమీటర్లంటే ఎన్ని డిగ్రీలు? నడక 90 కాబట్టి క్రాంకు వ్యాసార్ధం 45. కనెక్టింగ్ రాడ్డు వాలుని కూడా లెక్కలోకి తీసుకుంటే సుమారు 10 డిగ్రీలు వస్తుంది. రాడ్డుని వదిలేసి ఒకటి మైనస్ కొసైన్ తీటాతో వేస్తే ఇంకాస్త ఎక్కువ వస్తుంది, వేసి చూడండి. ఇది ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పటి లెక్క. వేగం పెరిగాక మిగతాది ఆ బరువులు చూసుకుంటాయి. నేను తిప్పిన బండిలో ప్లేటు ఎక్కడుందో బావ ముందే కొలిచి పెట్టుకున్నాడు. 2.5 మిల్లీమీటర్లు. అంటే సుమారు 17 డిగ్రీలు. 7 డిగ్రీలు ఎక్కువ! బరువులు విచ్చుకున్నాక కూడా ఆ 7 అలాగే కలుస్తాయి. వేసవి మధ్యాహ్నం, ఇద్దరు మనుషులు, మూటలు, ఘాటు, నిండా తెరిచిన యాక్సిలరేటర్. నాకింగ్‌కి ఇంతకంటే అనుకూలమైన రోజు ఉండదు.

తర్వాత బావ బుల్లెట్ మీద మేం పరీక్ష పెట్టాం. ఎత్తున్న ఒక ముక్క రోడ్డు ఎంచుకున్నాం. రెండు కిలోమీటరు రాళ్ళ మధ్య దూరం. బావ నడపడం, వెనక నేను, మధ్యలో ఒక బియ్యం బస్తా. ప్రతిసారీ ఒకే గేరు, ఒకే బరువు, ఉదయం ఒకే సమయం. టైమింగ్ తప్ప ఇంకేమీ మార్చలేదు. ఫోనులో సెకన్లు చూశాం. ఒక్కో టైమింగ్‌కి మూడేసి సార్లు.

మొదట రవ్వ బాగా ఆలస్యంగా, దాదాపు పైస్థానం దగ్గరే పడేలా పెట్టాం. బండి నీరసంగా ఎక్కింది. ఎవరికైనా తెలుస్తుంది. దిగి చూస్తే సైలెన్సర్ గొట్టం దగ్గరికి చేయి పెట్టలేనంత వేడి. మంట ఆలస్యంగా మొదలైతే అది తోయాల్సిన పని మానేసి గొట్టంలోకి పోయి కాలుతుంది మరి. తర్వాత 0.8 పెట్టాం. బండి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ తర్వాత 1.6 పెట్టాం. మిల్లీమీటర్లలో రెట్టింపు గాని, డిగ్రీల్లో చూస్తే పెరిగింది సుమారు 4 మాత్రమే. ఎందుకంటే పైస్థానం దగ్గర క్రాంకు చాలా తిరిగినా పిస్టన్ కొంచెమే కదులుతుంది. ఫలితం? 0.8కీ 1.6కీ మధ్య తేడా కంటే, 0.8తోనే తిరిగిన మూడు సార్ల మధ్య తేడానే ఎక్కువ వచ్చింది. అంటే తేడా ఉందో లేదో మా ఫోను, మా రోడ్డు చెప్పలేకపోయాయి. కాని 1.6తో మూడోసారి, వేగం తగ్గాక మలుపులో యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పేసరికి ఆ గులకరాళ్ళ శబ్దం వినిపించింది. బావ వెంటనే తగ్గించేశాడు. నా గుండె ఝల్లుమంది.

ఇందులో ఒక మెలిక ఉంది, అది మన డార్మిటరీ వాదనకి అసలు జవాబు. టైమింగ్‌కి, శక్తికి గీసిన గీత కొండ శిఖరంలా మొనదేలి ఉండదు, మన వాలీబాల్ గ్రౌండు పక్కనున్న గుట్టలా పైన చదునుగా ఉంటుంది. ఆ చదును మీద నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ జరిగితే పోయేదీ వచ్చేదీ నూటికి ఒకటి రెండు పాళ్ళే. బాగా పక్కకి జరిగితేనే జారుడు. మరి "టైమింగ్ అడ్వాన్స్ చేయించాక బండి ఎగిరిపోతోంది" అని చెప్పేవాళ్ళందరూ అబద్ధాలాడుతున్నారా? కాదు. పాయింటుకి ఒక ఫైబరు మడమ ఉంటుంది. అది కామ్ మీద రాసుకుంటూ అరిగిపోతుంది. అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ తెలీకుండా వెనక్కి పోతూ ఉంటుంది. అలాంటి బండిని తెచ్చి ముందుకు జరిపితే అది ఉండాల్సిన చోటికి వచ్చినట్టు. యజమాని దాన్ని అడ్వాన్స్ అనుకుంటాడు. నిజానికది రిపేరు. ఆ విశాఖ బండి ముందు రోజు లాగకపోవడానికి కారణం కూడా ఇదేనని, పాయింటు మడమ చూపించి బావ చెప్పాడు. సందు సరిచేసి 0.8కి పెడితే ఆయన హాయిగా అరకు చేరేవారు.

కిట్లలో అసలు ఏమీ లేదనడం కూడా న్యాయం కాదు. చదును రోడ్డు మీద సగం యాక్సిలరేటర్‌తో పోయేటప్పుడు సిలిండర్‌లోకి వెళ్ళే గాలి తక్కువ, మంట నెమ్మదిగా నడుస్తుంది, కాబట్టి అప్పుడు రవ్వ ఇంకా ముందే పడితే మంచిదే. కార్లలో దీనికోసం పూర్వం వాక్యూమ్ అడ్వాన్స్ అని వేరే ఏర్పాటు ఉండేది. పాత బుల్లెట్‌లో అది లేదు, వేగాన్ని చూసే బరువులు మాత్రమే ఉన్నాయి. అందుచేత రెండు మూడు డిగ్రీలు ముందుకు జరిపితే చదును రోడ్డు మీద బండి చురుగ్గా అనిపించడం, పెట్రోలు కొంచెం మిగలడం సాధ్యమే. ఆయన మెచ్చుకుని యాభై ఇచ్చింది కూడా చదును రోడ్డు మీదే. విదేశాల్లో పెద్ద టూరింగ్ బైకులకి రవ్వని నాలుగైదు డిగ్రీలు ముందుకు జరిపే చక్రాలు అమ్ముతారు. అవి కూడా మొత్తాన్ని ఒకే లెక్కన జరుపుతాయి. చదునుకి మంచిదైనదాన్నే ఘాటు మీద కూడా భరించమంటాయి. టూరు బండి అంటేనే బరువు, ఎత్తు, ఎండ. కంపెనీవాళ్ళు టైమింగ్‌ని కొంచెం వెనక ఉంచేది ఈ మూడింటి కోసమే.

పూర్వం కొన్ని మోటారు సైకిళ్ళకి హ్యాండిల్ మీదే టైమింగ్ మార్చే చిన్న లివరు ఉండేది. నడిపేవాడు కిక్కు కొట్టే ముందు వెనక్కి, చదును రోడ్డు మీద ముందుకి, ఎత్తులో ఇంజిన్ మూలుగుతుంటే మళ్ళీ కొంచెం వెనక్కి జరుపుకునేవాడు. ఎత్తు కోసం ముందుకు కాదు, గమనించండి. ఇప్పటి బండ్లలో ఆ పని కంప్యూటర్ చేస్తుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నియమాలు వచ్చాక తయారైన బుల్లెట్లలో తిప్పడానికి ప్లేటే లేదు.

పెట్రోలు గురించి కూడా అడిగారు కాబట్టి రెండు మాటలు. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు ఎక్కువ శక్తి ఇస్తుందని అనుకుంటారు. ఆక్టేన్ అంటే తనంతట తను పేలకుండా ఓర్చుకునే గుణం, అంతే. రవ్వని ముందుకు జరిపితే ఆ ఓర్పు పనికొస్తుంది, జరపకపోతే పాత బండికి దానితో పనిలేదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. దాంతో ఆక్టేన్ పెరిగిన మాట నిజమే. కాని ఇథనాల్‌లో ఆక్సిజన్ కూడా ఉంటుంది కాబట్టి జెట్ మార్చని పాత కార్బ్యురేటర్‌లో మిశ్రమం పల్చబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు.

ఇక అరకులో బండి లాగదు అనే ఫిర్యాదు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గుతుంది. పీల్చే గాలే తగ్గితే శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది. 18 హార్స్ పవర్లో దాదాపు రెండు కిందే వదిలేసి వచ్చినట్టు. టైమింగ్ తిప్పితే గాలి పెరగదు కదా.

చివరగా ఒక లెక్క. కిట్టు బాగా పనిచేసి నూటికి రెండు పాళ్ళు శక్తి పెంచిందనుకుందాం. 18లో రెండు పాళ్ళంటే 0.36 హార్స్ పవర్. ఇప్పుడు బుల్లెట్ 160 కిలోల పైమాటే, ఇద్దరు మనుషులు 130, సంచులు 20. మొత్తం 310. ఎత్తు ఎక్కడానికి కావలసిన శక్తి బరువుని బట్టి ఉంటుంది. 310లో రెండు పాళ్ళంటే 6 కిలోల చిల్లర. వెనక కట్టిన పెద్ద మూట విప్పి ఇంట్లో పెట్టి వస్తే కిట్టు ఇచ్చినంతా పైసా ఖర్చు లేకుండా వచ్చేస్తుంది. పిస్టన్ కూడా మిగులుతుంది.

దసరా సెలవులకి మళ్ళీ ఎస్.కోట వెళ్ళాను. ఒక ఉదయం అదే బుల్లెట్, అదే పెద్దమనిషి. నాకు షెడ్డు వెనక్కి పోయి దాక్కోవాలనిపించింది. పోలేదు. ఆయన హెల్మెట్ తీస్తుండగానే, "సార్, ఆ రోజు ప్లేటు తిప్పింది బావ కాదండీ, నేను. ఎంత తిప్పానో కొలవకుండా తిప్పేశాను" అని చెప్పేశాను. ఆయన కాసేపు నన్నే చూశారు. బావ పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "అయితే ఆ యాభై ఖర్చయిపోయిందా?" అన్నారు. అయిపోయిందండీ అన్నాను. "సర్లే, ఇప్పుడు పాయింట్లు చూడు. కొలిచి చూడు" అని అరుగు మీద కూచున్నారు. సందు 0.25కి వచ్చేసి ఉంది. 0.38కి పెట్టి, సైకిలు పుల్ల, కాగితం పట్టుకుని 0.8కి సరిచేశాను. కాగితం జారిన చోటు బావ కూడా వంగి చూశాడు. మొదటి కిక్కుకే స్టార్టయింది. ఈసారి పెద్ద మూట లేదు, రెండు సంచులే ఉన్నాయి.

ఆమ్మీటర్ ముల్లు ఎలా కదులుతుందో చూడాలనుకునేవాళ్ళు శనివారం సాయంత్రం ల్యాబుకి రండి. బావ ఇచ్చిన పాత పాయింట్ల ప్లేటు, ఒక బ్యాటరీ, కాయిలు సైన్సు మాస్టారి దగ్గర పెట్టాను. చెదలు తిన్నట్టున్న ఆ పిస్టన్ కూడా అక్కడే ఉంది, చేత్తో పట్టుకుని చూడొచ్చు.

— పదో తరగతి, బి సెక్షన్